అనంతపురం శివార్లలో ఇల్లు కొనేముందు: మొదట వంక, తర్వాత కాగితాలు

అనంతపురం ఊరి బయట, వంకకు (చిన్న వాగుకు) దగ్గర్లో నాలుగు సెంట్లలో కట్టిన ఇల్లు బేరానికి వచ్చింది, కాగితాలన్నీ ఉన్నాయంటున్నారు, బ్యాంకు కూడా లోను ఇస్తామంది, ఇంకేం చూడాలి అని అడిగారు. ముందు నీళ్ల సంగతి చూడండి. బ్యాంకు లోను ఇస్తుందంటే ఆ వైపు ధైర్యం పెట్టుకోకండి. బ్యాంకు వకీలు హక్కు పత్రాలు చూస్తారు, ఇంజనీరు ఇంటికి విలువ కడతారు. వంక ఇద్దరి లెక్కలోకీ రాకుండా పోవచ్చు.

కరువు సీమలో వరద భయమేంటి అని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఎండిన వంక గట్టు మీదికి ఇళ్లు వచ్చేస్తాయి, తర్వాత వంకలోకే దిగుతాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో ఎగువన కనగానపల్లి చెరువుకు గండి పడితే ఆ నీళ్లు పండమేరులో కలిసి నగర శివారు కాలనీల మీదికి వచ్చాయి. మీ వీధిలో చినుకు పడకపోయినా నీళ్లు రావచ్చు. కాబట్టి వంకను పట్టుకుని పైకి వెళ్లండి. ఎగువన ఏ చెరువుంది, దాని మరవ (చెరువు నిండితే పొర్లే చోటు) నీళ్లు ఎటు పారతాయి, కట్ట ఎలా ఉంది, ఇవన్నీ మీ ఇంటి సంగతులే.

అక్కడివాళ్లను అడిగేటప్పుడు "ఇక్కడికి నీళ్లు వస్తాయా" అంటే రావనే అంటారు, పక్కింటి బేరం చెడగొట్టడం ఎవరికీ ఇష్టముండదు. "2022లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయన్నా?" అని అడగండి. వీధి చివర అంగడాయనైతే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు.

ఇంట్లో హాలు, వంటగది తర్వాత చూడొచ్చు. ముందు మోటారు వెనక, మెట్ల కింద, ప్రహరీ లోపలివైపు చూడండి. ముందు గోడలకు కొత్త రంగు వేసినా ఆ మూలలను వదిలేస్తుంటారు. చవుడు పట్టిన గోడకు మరక ఎగుడుదిగుడుగా పైకి ఎక్కుతుంది. వరద గీత అన్ని గోడల మీదా ఒకే మట్టంలో ఉంటుంది. కరెంటు మీటరు పెట్టె కింద పాత బిగింపుల రంధ్రాలు కనబడితే దాన్ని పైకి మార్చారన్నమాట. ఎందుకు మార్చారో అడగండి.

తర్వాత మట్టం కొలవాలి. మేస్త్రీల దగ్గర ఉండే లెవెల్ పైపు చాలు. నీళ్లు నింపి, లోపల బుడగ లేకుండా చూసుకుని, ఒక కొన గడప దగ్గర, ఇంకో కొన వంక మీది కల్వర్టు వైపు పట్టుకోండి. పైపు అందకపోతే మధ్యలో గుర్తులు పెట్టుకుంటూ విడతలుగా కొలిచి తేడాలు కలుపుకోవాలి. కల్వర్టుతోనే ఎందుకు పోల్చాలంటే, పెద్ద నీళ్లొచ్చినప్పుడు కంపచెట్లూ ప్లాస్టిక్కూ చేరి దాని కన్ను మూసుకుపోతుంది. అప్పుడు నీళ్లు రోడ్డు ఎత్తుదాకా లేచి, పక్కనున్న పల్లపు వీధుల్లోకి తిరుగుతాయి. గడప ఆ కల్వర్టు మీది రోడ్డు కంటే కనీసం రెండడుగులు పైన లేకపోతే నేనైతే ఆ ఇల్లు వద్దనే చెబుతాను. ధర తగ్గిస్తామన్నా సరే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది వేసే వీధులైతే ఆ రెండడుగులూ ఏటికేడు తగ్గుతుంటాయి. పక్క ఇళ్లవాళ్ల కింది మెట్టు రోడ్డులో కలిసిపోయిందా లేదా అన్నది ఒకసారి చూడండి.

ఇక రూల్స్. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం వంక, కాలువ, వాననీటి డ్రైను వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు ఖాళీ వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంటలకు 9 మీటర్లు. నదికైతే పురపాలక హద్దుల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కొలత మొదలుపెట్టాల్సింది రికార్డులోని వంక హద్దు నుంచి. ఇప్పుడు కళ్లకు కనిపించే సన్న కాలువ నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆ హద్దు ఎఫ్‌ఎంబీ నక్షాలో (సర్వే శాఖ కొలతల పటంలో) ఉంటుంది. మీ సర్వే నంబరుదీ, పక్కనున్న వంక పోరంబోకు నంబరుదీ రెండూ తీసుకోండి. పాత నక్షాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, 100 లింకులంటే 66 అడుగులు. ఉదాహరణకు నక్షాలో వంక వెడల్పు 60 లింకులు అని ఉందనుకోండి, అది సుమారు 40 అడుగులు, అంటే 12 మీటర్లు. అక్కడికి పోయి చూస్తే 15 అడుగుల కాలువే ఉంది. మిగతా 25 అడుగులు ఎవరి ప్రహరీలో ఉన్నాయి? అది తేలాలి. పైగా 15 అడుగుల కాలువ అనుకుంటే 2 మీటర్ల రూలు, 12 మీటర్ల వంక అయితే 9 మీటర్ల రూలు. తేడా 7 మీటర్లు. నాలుగు సెంట్ల స్థలంలో 7 మీటర్లు పోతే ఇల్లే ఉండదు. అందుకే ఎఫ్‌-లైన్‌ దరఖాస్తు పెట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించండి, లేదా అమ్మేవాళ్లనే పెట్టమనండి. కొలిచేటప్పుడు మీరు పక్కనుండాలి.

కాగితాల్లో అందరూ ఈసీ (ఆస్తి మీద నమోదైన అమ్మకాలు, తాకట్ల పత్రం) చూస్తారు. అంతకంటే ముందు సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో చూడండి. అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు అందులో ఉంటాయి. మన వైపు డీకేటీ పట్టా భూమిలో (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిలో) ప్లాట్లు వేసి అమ్మడం కొత్తేమీ కాదు. "జాబితా నుంచి తీసేస్తారు, ఫైలు నడుస్తోంది" అంటే, తీసేసిన ఉత్తర్వు చేతికొచ్చాకే మాట్లాడదాం అనండి. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) వెనక్కి చూసుకుంటూ, అసలు పట్టా ఎవరిది, ఏ రకందో తేల్చుకోవాలి.

లేఅవుట్‌కు అహుడా (అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో ఎల్‌పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరుతో) ఆ ఆఫీసులోనే సరిచూడండి, బ్రోచరులో అచ్చయిన నంబరును నమ్మకండి. ఆమోదించిన నక్షా కాపీ తీసుకుని మీ ప్లాటు దాని మీద వేలుపెట్టి చూపించమనండి. పార్కు, ఖాళీ స్థలానికి వదిలిన 10 శాతంలో కట్టిన ఇళ్లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కట్టామంటే రసీదు చాలదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు చూడాలి. ఇంటి ప్లాను అనుమతి ఒక అంతస్తుకు ఉండి రెండు కట్టి ఉంటే, ఆ పై అంతస్తుకు డబ్బు లెక్కగట్టకండి.

ఇంటి మీదుగా కరెంటు తీగలు పోతుంటే హైటెన్షన్‌కు 3 మీటర్లు, మామూలు లైనుకు 1.5 మీటర్ల దూరం ఉండాలి. పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటే ఆ ఎత్తు నుంచి లెక్క చూసుకోండి.

బోరు ఉంటే నీళ్లు పరీక్షకు ఇవ్వండి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండటం మంచిది, ఎట్టి పరిస్థితిలోనూ 1.5 దాటకూడదు. మన జిల్లాలో ఇది పిల్లల పళ్లకూ ఎముకలకూ సంబంధించిన విషయం, కాచినా పోదు. కుళాయి కనెక్షన్ ఉందంటే రోజు మార్చి రోజా, వారానికోసారా అనేది పక్కింటి ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఇవన్నీ తేలేదాకా పెద్ద అడ్వాన్సు ఇవ్వకండి. తక్కువ మొత్తం ఇచ్చి అగ్రిమెంటులో రెండు మాటలు రాయించండి: సర్వేయరు కొలతలో స్థలం వంక హద్దులోకి గానీ, ఖాళీ వదలాల్సిన భాగంలోకి గానీ వస్తే అడ్వాన్సు మొత్తం తిరిగివ్వాలి, దానికి ఇన్ని రోజుల గడువు. ఆ గడువు తేదీతో సహా ఉండాలి.