25 డాలర్ల సాక్సు కొనొచ్చా?

మీ సాక్సు ఆరు జతలూ మూడు నెలల్లో మడమ దగ్గరే చిరిగాయని, ఇక 25 డాలర్ల జత కొనొచ్చా అని అడిగారు. తప్పు సాక్సుది కాకపోవచ్చు. బూటు లోపల మడమ తగిలేచోట చెయ్యి పెట్టి చూడండి. లైనింగ్ చిరిగి గరుకుగా ఉంటే 25 డాలర్ల జతనైనా కొరికేస్తుంది. ముందు బూటు మార్చండి.

అది బాగానే ఉంటే, రోజుకు పది గంటలు నిలబడే మీ ఉద్యోగానికి డార్న్ టఫ్ అనే కంపెనీ సాక్సు తీసుకోండి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో అల్లే మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) సాక్సు, జీవితకాలం గ్యారంటీ: చిరిగితే కంపెనీ మార్చి ఇస్తుంది. ముందు రెండు జతలు చాలు.

చాలామంది వదిలేసేది గ్యారంటీ వాడుకోవడమే. చిల్లు పడగానే పారేస్తారు. అలా చేస్తే ఎక్కువ పెట్టిన డబ్బంతా వృథా.

1. చిరిగిన జతను ఉతికి, పూర్తిగా ఆరబెట్టి దాచండి. రెండో సాక్సు బాగున్నా పారేయొద్దు.
2. పోస్టు ఖర్చు మీద పడొచ్చు, అందుకే రెండు మూడు జతలు పోగయ్యాక ఒకేసారి కంపెనీకి పంపండి.
3. కంపెనీ సైట్‌లో వారంటీ (గ్యారంటీ) ఫారం నింపి, ప్రింట్ తీసి, ఆ కాగితం సాక్సుతోపాటు పెట్టండి.

హైదరాబాద్‌లో నాన్నగారికి కూడా కొంటానన్నారు. అక్కడినుంచి తిరిగి పంపే ఖర్చుకు కొత్త జతే వస్తుంది. ఆయనకు మామూలువే కొనండి.