స్టీరింగ్ వీల్ కొనండి.. రూ.1.80 లక్షల ఈఎంఐ మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. చేతికొచ్చే జీతం రూ.58,000. అద్దె, తిండి, ఇతర ఖర్చులు 19,000, ఇంటికి 12,000, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ 9,500, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000 పోగా 12,500 మిగులుతోంది. కార్ రేసింగ్ గేమ్స్ అంటే ప్రాణం. లాజిటెక్ జీ29 వీల్, పెడల్స్ 28,000, ఆర్‌టీఎక్స్ 5070 గ్రాఫిక్స్ కార్డు 60,000, ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ 45,000, కేబినెట్, పవర్ సప్లై 12,000, 4కే మానిటర్ 35,000.. మొత్తం 1.80 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. క్రెడిట్ కార్డుపై 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ ఉంది. ఏడాదిపాటు సిప్ ఆపేసి తీసుకోవచ్చా? ఎఫ్‌డీలో 40,000 ఉంది. ఆరు నెలల్లో కంపెనీ మారాలనుకుంటున్నా. ఇప్పుడున్న పీసీలో జీటీఎక్స్ 1650 కార్డు ఉంది.

జవాబు: ఇష్టమైన ఆట కోసం సంపాదనలో కొంత ఖర్చు పెట్టడం తప్పు కాదు. ఆ ఖర్చు మీ చేతులు కట్టేయకూడదన్నదే నా పట్టుదల.

నో-కాస్ట్ ఈఎంఐలో వడ్డీని ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. బ్యాంకు 15 శాతం వడ్డీ వేస్తే, మీ మొత్తానికి ఈ జీఎస్టీ సుమారు రూ.2,500 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఇది పెద్ద భారమేమీ కాదు.

అసలు ఇబ్బంది నెలకు 15,000 కిస్తీతో వస్తుంది. సిప్ ఆపినా చేతిలో మిగిలేది 2,500. సరిగ్గా ఆ ఏడాదిలోనే మీరు ఉద్యోగం మారుతున్నారు. పాత కంపెనీ సెటిల్‌మెంట్‌కీ కొత్త కంపెనీ మొదటి జీతానికీ మధ్య నెలన్నర గ్యాప్ రావడం మామూలే. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. సిప్, గేమింగ్ పక్కనపెట్టినా మీ నెల ఖర్చు 40,500. అంటే ఎఫ్‌డీ ఒక్క నెలకు కూడా పూర్తిగా చాలదు. అప్పుడు కార్డు బిల్లులో మినిమం డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడితే, మిగతా బాకీపై నెలకు 3 శాతానికి పైగా వడ్డీ పడుతుంది.

ఇక మీ కొటేషన్ చూడండి. రేసింగ్‌లో మజా అంతా వీల్‌లో ఉంది. మలుపులో టైరు జారుతుంటే చేతికి తెలిసే ఆ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ గేమ్ ఫిజిక్స్ లెక్కల నుంచి వస్తుంది, బొమ్మను అత్యంత నాణ్యంగా చూపే అల్ట్రా సెట్టింగ్స్ నుంచి కాదు. 1080పీ (ఫుల్ హెచ్‌డీ)లో తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెల్స్ (బొమ్మను కూర్చే చుక్కలు) ఉంటే, 4కేలో దాదాపు 83 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు నాలుగు రెట్ల పిక్సెల్స్ గీయాలి. వీల్ పోగా మిగిలిన లక్షన్నరలో ఎక్కువ భాగం అందుకే పోతోంది. 2014లో వచ్చిన రేసింగ్ గేమ్ అసెట్టో కోర్సా మీ జీటీఎక్స్ 1650 మీద బాగానే ఆడుతుంది. అసెట్టో కోర్సా కాంపిటీజియోనె కాస్త బరువైన గేమ్. దానికి 1080పీలో షాడోలు, అద్దాల్లో ప్రతిబింబాలు, కనిపించే కార్ల సంఖ్య తగ్గించండి. వీల్‌తో ఆడేటప్పుడు బొమ్మ అందం కన్నా ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరపై మారే బొమ్మల సంఖ్య) నిలకడగా ఉండటమే ముఖ్యం.

కాబట్టి సిప్ ఆపొద్దు. మిగిలే 12,500లో 5,000 వీల్ కోసం, 7,500 అత్యవసర నిధికి వేయండి. ఆరు నెలల్లో 30,000 చేరుతుంది, వీల్ నగదుతో వచ్చేస్తుంది. అత్యవసర నిధి 85,000 అవుతుంది, అంటే రెండు నెలల ఖర్చు. అంత ఆగలేనంటే సెకండ్ హ్యాండ్ వీల్ చూడండి. బిల్లు, మిగిలిన వారంటీ అడగండి. పెడల్స్ తొక్కి చూసే కొనండి, వాటి సెన్సర్లలో దుమ్ము చేరితే బ్రేక్ సరిగా పనిచేయదు.

కొత్త కంపెనీలో మూడు జీతాలు తీసుకున్నాక, నిధి 1.21 లక్షలు (మూడు నెలల ఖర్చు) దాటాక గ్రాఫిక్స్ కార్డు సంగతి చూద్దాం. అప్పుడైనా మానిటర్ మార్చకుండా 1080పీకి సరిపడే మధ్యస్థాయి కార్డు చాలు. 1650 తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి మీ పవర్ సప్లై చిన్నదే అయ్యుండొచ్చు. దాని వాట్స్ ముందే చూసి, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

కొత్త గేమ్ కొనేముందు సేల్ కోసం ఆగండి, పాత రేసింగ్ గేమ్స్ ధరలు బాగా తగ్గుతాయి. మీ పీసీ మోయలేకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకముందే స్టీమ్‌లో (పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్) రీఫండ్ అడగండి.