జావా పల్లెలో భూమి హక్కులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గత సంచికలో ఇండోనేషియాలోని మధ్య జావా వరి పల్లెల మీద ప్రచురించిన వ్యాసం చదివి, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పాఠకులు అనేక ప్రశ్నలు పంపారు. ఆ వ్యాసం పంటల గురించినది కనుక, భూమి ఎవరి పేరున ఉంటుంది, దాని మీద ఎవరెవరు బతుకుతారు అన్న ప్రశ్నలను ఈసారి ఈ శీర్షికలో తీసుకుంటున్నాం.

ప్రశ్న: నాకు మూడెకరాల తరి ఉంది. దీని మీద ఇల్లు గడవడమే కష్టంగా ఉంది. జావా రైతుకు సాధారణంగా ఎంత భూమి ఉంటుంది? (ఒక రైతు, నర్సంపేట)

జవాబు: మీ మూడెకరాలు జావా పల్లెలో ఉంటే మిమ్మల్ని ఉన్నవారి కిందే లెక్కిస్తారు. అక్కడ అర హెక్టారుకు, అంటే మన లెక్కలో సుమారు ఎకరం పది గుంటలకు లోపు సాగుచేసుకునే కుటుంబాలే ఎక్కువ. అగ్నిపర్వతాల బూడిదతో బలిసిన నేల, నీటి వసతి రెండూ ఉన్నచోట ఏడాదికి రెండు పంటలు, కొన్నిచోట్ల మూడు పండుతాయి కాబట్టి అంత చిన్న కమతం మీద కూడా తిండిగింజలు వస్తాయి. తిండిగింజలు రావడం వేరు, ఇల్లు గడవడం వేరు.

ఇల్లు గడవడానికి పెద్ద ఆదరువు ఇంటి చుట్టూ ఉండే పెరడు. పెకరాంగన్ అని పిలిచే ఈ పెరటిని అక్కడివారు పొలంతో పాటు లెక్కలోకి వచ్చే ఆస్తిగానే చూస్తారు. పైన కొబ్బరి, పనస, వాటి నీడన అరటి, బొప్పాయి, కింద కర్రపెండలం, చేమ, అల్లం, పసుపు, ఒక మూల మేకల కొట్టం, నాలుగు కోళ్లు. పొలం లేని కుటుంబానికి పెరడు ఉంటే ఊళ్లో నిలబడే చోటు ఉన్నట్టే. అది కూడా లేనివారు వేరొకరి పెరట్లో ఇల్లు వేసుకుని, బదులుగా ఆ ఇంటి పనుల్లో సాయపడుతూ ఉండేవారు. పొలమూ ఇల్లూ ఉన్నవారు, ఇల్లు మాత్రమే ఉన్నవారు, ఇతరుల పెరట్లో ఉండేవారు అని పూర్వం ఊరి జనాన్ని మెట్లుగా విభజించేవారు. ఊరి పనులకు చాకిరీ చేసే బాధ్యతైనా, ఊరి వ్యవహారాల్లో మాట చెల్లుబాటైనా ఆ మెట్టును బట్టే ఉండేది. ఇప్పుడు మిగిలిన లోటును వలస పూడుస్తోంది. మగవాళ్లు జకార్తాలో భవన నిర్మాణాలకు, మలేషియాలో తోటలకు వెళ్తే, ఆడవాళ్లు హాంకాంగ్, తైవాన్ ఇళ్లలో పనికి వెళ్తారు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన స్లాబు ఇళ్ల వంటివే అక్కడా కనిపిస్తాయి.

చట్టం ఆశించింది మాత్రం వేరు. ప్రతి రైతు కుటుంబానికీ కనీసం రెండు హెక్టార్లు ఉండాలని 1960 నాటి భూపరిమితి చట్టం లక్ష్యంగా పెట్టుకుంది. జనసాంద్రత మరీ ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో తరికి ఐదు హెక్టార్ల గరిష్ఠ పరిమితి విధించింది. పంపిణీ నత్తనడకన సాగడంతో 1964లో క్లాతెన్ వంటి జిల్లాల్లో పేద రైతులు తామే పొలాల్లోకి దిగారు. 1965-66లో కమ్యూనిస్టులన్న పేరున సాగిన హత్యాకాండలో రైతు సంఘాల వాళ్లను పెద్ద సంఖ్యలో చంపిన తరువాత, భూసంస్కరణ అన్న మాట ఎత్తడానికే పల్లెలు భయపడ్డాయి. ఆ చట్టంలోని ఒక నిబంధన మాత్రం ఇక్కడి రైతులు తెలుసుకోదగినది. కుదువ పెట్టిన పొలం ఏడేళ్లు లేదా అంతకు మించి అప్పిచ్చినవారి చేతిలో ఉంటే, అప్పు తీరినట్టే లెక్క. పైసా అడగకుండా పొలాన్ని తిరిగి అప్పగించాలి.

ప్రశ్న: మా తాత లక్నవరం చెరువు కింద నీరటి. ఆయనకు మాన్యం ఉండేదని మా నాన్న చెప్పేవారు. జావాలో ఊరి కొలువుల వారికి ఇటువంటి భూములు ఉండేవా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ములుగు)

జవాబు: ఉండేవి, చాలా ఊళ్లలో ఈనాటికీ ఉన్నాయి. వాటిని బెంగ్‌కొక్ భూములు అంటారు. గ్రామపెద్దకు అందరికన్నా పెద్ద చెక్క, చారిక్ అనే గ్రామ కార్యదర్శికి ఒకటి, మసీదు పనులు చూసే మోదిన్‌కు ఒకటి, అలాగే మీ తాతగారి కొలువే చేసే ఉలు-ఉలుకు ఒకటి. ఎగువ పొలానికి ఎంతసేపు నీరు, దిగువ పొలానికి ఎప్పుడు, ఎండాకాలం వంతు ఎవరిది అన్నవన్నీ ఉలు-ఉలు చూసుకునేవాడు. రాత్రివేళ ఎవరో మడవ మళ్లిస్తే ఆ తగవు ముందుగా వచ్చేది ఆయన గుమ్మానికే. ఈ కొలువుల వారికి జీతం లేదు, భూమి మీద వచ్చే ఫలసాయమే జీతం. కొందరు తామే దున్నుకుంటే, కొందరు కౌలుకో పాలుకో ఇచ్చేవారు.

మన పద్ధతికీ దానికీ ఒక పెద్ద తేడా ఉంది. మన మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ కొలువులు వతనుగా తండ్రి నుంచి కొడుక్కు వచ్చేవి, వాటితోపాటు ఊరి మీద పెత్తనమూ వచ్చేది. జావాలో బెంగ్‌కొక్ భూమి మనిషికి కాక కొలువుకు అంటుకుని ఉంటుంది. పదవి దిగినవాడు పొలాన్నీ దిగవలసిందే, అమ్ముకోవడానికి, పిల్లలకు పంచడానికి వీలు లేదు. గ్రామపెద్దను ఊరివాళ్లే ఎన్నుకుంటారు. 2014 నాటి గ్రామ చట్టం ఆయన పదవీకాలాన్ని ఆరేళ్లుగా పెట్టగా, 2024లో దాన్ని ఎనిమిదేళ్లు చేశారు. ఇప్పుడు గ్రామ నిధుల నుంచి జీతాలు వస్తున్నా, బెంగ్‌కొక్ ఆదాయం అదనపు భత్యంగా చాలాచోట్ల కొనసాగుతోంది. మన దగ్గర ఇనాముల రద్దు చట్టం 1955లో వచ్చింది, పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. ఆ కొలువులు పోవలసినవే అన్నది నా నిశ్చితాభిప్రాయం. నీరటి పని మాత్రం వాటితో కలిసి చెడిపోకుండా ఉండవలసింది. చెరువు కింద వంతు చెప్పే మనిషి లేకపోతే చివరి మడి ఎండుతుందని ఆయకట్టు రైతులందరికీ తెలుసు.

ఈ విషయంలో మన ప్రాంతాలకు తెలిసిన పేరు ఒకటి జావాలోనూ వినిపిస్తుంది. 1811 నుంచి 1816 వరకు జావా బ్రిటిష్ వారి చేతిలో ఉన్నప్పుడు, అక్కడి భూమి హక్కులను విచారించిన సంఘానికి అధ్యక్షత వహించింది తెలుగు ఊళ్ల చరిత్రలైన కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీయే. ఆ తరువాత డచ్చివారు 1830లో తెచ్చిన నిర్బంధ సాగు పద్ధతి, ఊరి భూమిలో ఐదో వంతును చెరకు, నీలిమందు వంటి ఎగుమతి పంటలకు కేటాయించమంది. ఆచరణలో చాలాచోట్ల అంతకు మించి గుంజింది.

ప్రశ్న: ఆడపిల్లలకు పొలంలో వాటా ఇస్తారా? (ఒక పాఠకురాలు, పరకాల)

జవాబు: ఇస్తారు. జావాలో చుట్టరికాన్ని తల్లి వైపూ తండ్రి వైపూ సమానంగా లెక్కిస్తారు, కూతురు పెళ్లయి వెళ్లినంత మాత్రాన పుట్టింటికి పరాయిది కాదు. కొన్ని కుటుంబాలు అందరికీ సమానంగా పంచుతాయి. మరికొన్నిటిలో కొడుక్కు రెండు వంతులు, కూతురికి ఒకటి. కొడుకు కావడి మీద రెండు గంపలు మోస్తాడు, కూతురు వీపున ఒక మూట మోస్తుంది అన్నది దానికి చెప్పే నానుడి. ఇస్లామిక వారసత్వ నియమం కూడా రెండుకు ఒకటే అయినా, వారసులందరూ ఒప్పుకుంటే తమకు నచ్చినట్టు పంచుకోవచ్చని 1991లో కూర్చిన ఇస్లామిక న్యాయ సంగ్రహం చెబుతోంది. ఆచరణలో తల్లిదండ్రులు బతికుండగానే ఒక్కో బిడ్డకు పెళ్లినాటికి ఒక చెక్క ఇచ్చేసి, చివరిదాకా తమను చూసుకున్న బిడ్డకు, ఎక్కువగా చిన్న సంతానానికి, ఆ ఇంటిని వదిలి వెళ్తారు. ఆ బిడ్డ కూతురైతే అల్లుడే ఆ ఇంటికి వచ్చి ఉండడం మామూలే.

భార్యాభర్తల ఆస్తి విషయంలో వారి పద్ధతి మరింత స్పష్టంగా ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఎవరిది వారిదే. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించినది గొనో-గిని, విడిపోతే సగం సగం. భార్య పొలానికి వెళ్లిందా, ఇంట్లో ఉండిపోయిందా అన్న లెక్క అందులో లేదు. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన వాటా ఇచ్చే చట్టం మనకు ఉమ్మడి రాష్ట్రంలోనే 1986లో వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా పసుపు కుంకుమల పేరుతో కొంత ముట్టజెప్పి, అన్నదమ్ముల పేరున సంతకం పెట్టించుకునే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. దయచేసి అటువంటి కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి.

ప్రశ్న: మన పహాణీ, పాసుపుస్తకం వంటివి అక్కడ ఉన్నాయా? (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, భూపాలపల్లి)

జవాబు: మీరు చూడగానే గుర్తుపట్టే పుస్తకం ఒకటి ఉంది. లెటర్ సీ అనే ఆ రిజిస్టరు గ్రామ కార్యాలయంలో చారిక్ అధీనంలో ఉంటుంది. ఒక్కో పేజీలో ఒక్కో హక్కుదారు పేరు, చెక్క నంబరు, నేల తరగతి, విస్తీర్ణం, పన్ను, చివరన మార్పుకు కారణం, తేదీ రాసే గడి. పొలం చేతులు మారితే పాత వరుసను గీత కొట్టి, అమ్మకమో వారసత్వమో ఆ గడిలో రాసేవారు. నిజానికి అది పన్ను పుస్తకం, హక్కు పత్రం కాదు. అయినా తరతరాలుగా ఊరు దాన్నే నమ్మింది. ఇప్పుడు ప్రభుత్వం ఊరి మొత్తాన్ని ఒకేసారి కొలిచి పట్టాలిచ్చే కార్యక్రమం నడుపుతోంది. పాత పన్ను కాగితాలను హక్కు రుజువుగా చూపుకోవడానికి 2021 నాటి నిబంధనలు ఐదేళ్ల గడువు పెట్టాయి. ధరణి, ఆ తరువాత భూభారతి వచ్చినప్పుడు సాదాబైనామాల (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాల) వారు పడిన ఆందోళన ఎటువంటిదో, ఆ గడువు అక్కడి వృద్ధ రైతులకు తెచ్చిన ఆందోళనా అటువంటిదే.

ప్రశ్న: మా ఊరికి హార్వెస్టర్లు వచ్చాక మా ముఠాకు నాట్ల పని తప్ప కోత కైకిలి లేదు. జావాలో భూమి లేని ఆడవాళ్లకు పంట మీద ఏదైనా హక్కు ఉండేదా? (ఒక కూలీ మహిళ, జమ్మికుంట)

జవాబు: ఈ విడతలో వచ్చిన ప్రశ్నలన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించినది మీదే. అక్కడ ఉండేది, అది పోయింది కూడా.

1960ల దాకా కోత రోజున ఆ పొలం యజమాని ఒక్కడి వ్యవహారం కాదు. కోతకు వాడే అని-అని అన్నది అరచేతిలో ఇమిడే చిన్న చెక్కకు బిగించిన బ్లేడు. ఆడవాళ్లు దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, పండిన వెన్నును మాత్రం ఎంచుకుని ఒక్కొక్కటిగా కోసేవారు. పాతరకం వరి అంతా ఒక్కసారి పండదు, ఎత్తులు కూడా సమానంగా ఉండవు కనుక ఆ పనిముట్టు దానికి సరిపోయేది. కోసిన వెన్నులను కట్టలు కట్టి యజమాని ఇంటికి మోసుకెళ్లి, అక్కడ తమ వంతు ధాన్యం తీసుకునేవారు. ఆ వంతును బావొన్ అంటారు. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు ఎక్కువ, పై ఊరివారికి తక్కువ. కోతకు వచ్చిన మనిషిని పొమ్మనడం యజమానికి పరువు తక్కువ. కొన్ని ఊళ్లలో కూలీలు నాట్లు, కలుపు ఉత్త పుణ్యానికి చేసి, అందుకు బదులు ఆ మడిని కోసి వంతు తీసుకునే హక్కును ముందే ఖాయం చేసుకునేవారు.

1960ల చివర పొట్టి వంగడాలు వచ్చాయి. మన యాసంగిలో కనిపించే ఐఆర్-64 కూడా 1980లలో ఆ దారిలోనే వచ్చింది. పంటంతా ఒకేసారి పండడంతో కొడవలి సరిపోయింది. చాలామంది రైతులు పొలం మీద ఉన్న పంటను ఉన్నట్టే వ్యాపారికి అమ్మేయసాగారు. తెబాసన్ అనే ఆ బేరంలో వ్యాపారి తన వెంట కొద్దిమంది కూలీలనే తెచ్చుకుంటాడు, ధాన్యం తూకం వేస్తాడు, ఊరి ఆడవాళ్లను గట్టు మీదే ఆపేస్తాడు. పరువుకు కట్టుబడిన రైతు చేయలేని పనిని బయటి వ్యాపారి తేలిగ్గా చేశాడు. ఆ రోజుల్లోనే చిన్న రైసు మిల్లులు ఊరూరా రావడంతో వడ్లు దంచే పని కూడా పేద ఆడవాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. ఇప్పుడు మీ ఊళ్లో లాగే అక్కడి పొలాల్లోనూ కోత యంత్రాలు దిగుతున్నాయి.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఏ ప్రభుత్వమూ ఆ హక్కును రద్దు చేయలేదు. చేయవలసిన అవసరమే రాలేదు. లెటర్ సీ రిజిస్టరులో యజమాని పేరు ఉంది, కోత కోసే ఆమె పేరు ఎక్కడా లేదు. మన దగ్గర కల్లం మీద చాకలి, మంగలి, కుమ్మరి అందుకున్న మేర కానీ, కోత తరువాత పరిగె ఏరుకునే హక్కు కానీ అలాగే చడీచప్పుడు లేకుండా పోయాయి. కౌలుదారు సంగతీ అంతే. 2018లో మొదలైన రైతుబంధు పాసుపుస్తకం ఉన్నవారికి అందింది, దుక్కి దున్నిన కౌలుదారుకు అందలేదు. పాలు ఒప్పందాలను గ్రామపెద్ద ఎదుట రాసుకోవాలనీ, తరికి కనీసం మూడేళ్ల గడువు ఇవ్వాలనీ ఇండోనేషియా 1960లోనే చట్టం చేసింది. అయినా ఊళ్లలో ఈనాటికీ నోటిమాట మీదే సగపాళ్లు నడుస్తున్నాయి. మీ ముఠా నాట్ల ఒప్పందాన్నైనా గ్రామ పంచాయతీ ఎదుట కాగితం మీద పెట్టించుకోండి. యంత్రాన్ని అది ఆపలేదు కానీ, రేటు మీద తగవు వచ్చినప్పుడు మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ప్రశ్న: మా చిన్నాన్న కొడుకు జకార్తాలో ఉద్యోగం చేస్తున్నాడు. జావా పల్లెలో ఐదెకరాలు కొనాలని అతని ఆలోచన. వీలవుతుందా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: వీలు కాదు. 1960 నాటి మౌలిక భూచట్టం ప్రకారం హక్ మిలిక్ అనే పూర్తి యాజమాన్య హక్కు ఇండోనేషియా పౌరులకే చెందుతుంది. స్థానికుడి పేరున కొని వెనుక నుంచి అనుభవిద్దామనే సలహా మీ తమ్ముడికి తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. చట్టంలోని 26వ నిబంధన సరిగ్గా దాన్నే నిషేధించింది. విదేశీయుడికి నేరుగా కానీ చాటుగా కానీ భూమిని దక్కించే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరం అవుతుంది, చెల్లించిన డబ్బు తిరిగి అడగడానికి ఉండదు. పౌరులకు కూడా వ్యవసాయ భూమి విషయంలో ఒక కట్టుబాటు ఉంది. పొలం ఉన్న ఉపజిల్లాలో గానీ దాన్ని ఆనుకుని ఉన్న దానిలో గానీ నివసించని యజమాని ఆ పొలాన్ని వదులుకోవాలని 1961 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నగరాల్లో ఉండేవారు దాన్ని దాటవేసిన సందర్భాలు లేకపోలేదు, అయినా నియమం ఇంకా పుస్తకంలో ఉంది. అక్కడ నివసించే విదేశీయుడు ఇంటి కోసం వినియోగ హక్కు పొందవచ్చు, లేదా కౌలుకు తీసుకోవచ్చు. ఆ రెండింటిలో ఏది చేసినా డబ్బు చేతులు మారకముందే, భూమి దస్తావేజులు రాసే అధీకృత అధికారి దగ్గర పొలం రికార్డు సరిచూపించుకోమని మీ తమ్ముడికి చెప్పండి.