తాతగారి ట్రంకుపెట్టెలో జపాన్ కత్తి

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజినీరింగ్ దళం) చేశారట. ఈమధ్య పాత ఇల్లు పడగొట్టిస్తుంటే అటక మీద ఆయన ట్రంకుపెట్టె దొరికింది. అందులో ఆకుపచ్చ చొక్కా, మూడు మెడల్స్, చిరిగిపోతున్న డిశ్చార్జి కాగితం, ఒక వంపు కత్తి ఉన్నాయి. కత్తి జపాన్‌దని, మెడల్స్‌తో కలిపి కొంటానని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇచ్చేయమంటున్నాడు మా బాబాయి. నాకేమో తాత అక్కడ ఏం చేశారో తెలుసుకోవాలనుంది. కత్తి ఇంట్లో ఉంటే పోలీసులతో ఇబ్బంది వస్తుందా అని టెన్షన్ కూడా. - ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ఆ ఫోన్ చేసే పెద్దమనిషిని ముందు ఆర్నెల్లు ఆగమనండి. నిజంగా కావాల్సినవాడైతే ఆగుతాడు. బాబాయి గారికి కూడా ఒక మాట చెప్పండి: పెట్టెలో అన్నిటికంటే విలువైనది కత్తి కాదు, ఆ చిరిగిపోతున్న కాగితం. నంబరు, ర్యాంకు, ఊరు, చేరిన తేదీ, వదిలిన తేదీ అందులోనే ఉంటాయి. కాగితం ఒకరి చేతికి, మెడల్స్ ఇంకొకరి చేతికి పోయాయంటే ఇక ఆ మెడల్స్ ఎవరివో చెప్పేవాడు ఉండడు. అందుకని ఏదీ తుడవకముందే, కదపకముందే పెట్టెలో ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తీయండి, కాగితం రెండు వైపులా స్కాన్ చేయించండి. లామినేషన్ మాత్రం వద్దు, మన జిరాక్స్ షాపుల వాళ్లు అడక్కుండానే చేసేస్తారు, పక్కనే నిలబడండి.

ఇక మెడల్స్. ఆరు కోణాల నక్షత్రం, దాని రిబ్బన్ ముదురు నీలం, మధ్యలో వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా నారింజ చారలు అయితే అది బర్మా స్టార్. అది ఉందని బర్మాలోనే పోరాడారని గట్టిగా చెప్పలేం, బెంగాల్, అస్సాంలలో కొన్ని ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకీ ఇచ్చారు. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటే 1939-45 స్టార్, ఆ మూడు రంగులూ నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్‌లకు గుర్తు. గుండ్రటి మెడల్ వెనక భారతదేశం మ్యాప్ ఉంటే ఇండియా సర్వీస్ మెడల్, సింహం రెండు తలల డ్రాగన్ మీద నిలబడి ఉంటే వార్ మెడల్.

చొక్కా భుజాల దగ్గర కుట్లు విప్పిన గుర్తులున్నాయేమో ఎండలో పెట్టకుండా, వెలుతురులో పట్టుకుని చూడండి. ఆయన ఏ డివిజన్‌లో (పెద్ద సైనిక దళం) పనిచేశారో చెప్పే బ్యాడ్జి అక్కడ ఉండేది. నల్ల పిల్లి అయితే 17వ డివిజన్, ఎర్ర కోడిపుంజు అయితే 23వది (మన జిల్లాల వాళ్లకి ఈ రెండోది నచ్చి తీరుతుంది). బ్యాడ్జి ఊడిపోయినా దాని ఆకారంలో బట్ట రంగు వెలవకుండా మిగిలిపోతుంది, అది చాలు. ఆకుపచ్చ బట్ట అన్నారు కాబట్టి మొదటి రోజుల ఖాకీ కాదు, అడవి యుద్ధానికి తర్వాత ఇచ్చినదే అయ్యుంటుంది.

మద్రాస్ సాపర్స్ కేంద్రం అప్పుడూ ఇప్పుడూ బెంగళూరే. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, డిశ్చార్జి తేదీ రాసి, మీకు ఆయనతో ఉన్న చుట్టరికానికి రుజువు జతచేసి అక్కడి రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. జవాబు రావడానికి చాలా కాలం పట్టొచ్చు, ఊరుకోకండి, మళ్లీ రాయండి.

ఇప్పుడు కత్తి. సాపర్ జవాన్లకి యుద్ధంలో ఇలాంటి కత్తులు ఇచ్చేవారు కాదు, అంటే ఇది ఆయన సొంత ఆయుధం కాదు. 1945లో జపాన్ లొంగిపోయాక వాళ్ల అధికారుల చేత కత్తులు అప్పజెప్పించారు, వాటిలో కొన్ని మన సైనికుల వెంట ఇళ్లకొచ్చాయి. పిడి చూడండి. అల్లిక నిజం తాడుదా, లేక లోహంలోనే అల్లికలా పోతపోసి రంగు వేశారా? పోతదైతే, బ్లేడు మీద పిడికి దగ్గర్లో నంబరు కొట్టి ఉంటే, అది 1935 నమూనా, కింది ర్యాంకుల వాళ్లకి ఫ్యాక్టరీలో చేసినది. ఒర మీద కూడా అదే నంబరుంటే జత చెదరలేదన్నమాట. నిజం అల్లికైతే అధికారిది. దానికి పిడిలో వెదురు మేకు ఒకటుంటుంది, అది తీస్తే లోపలికి దూరి ఉన్న ఇనుము మీద చేసినవాడి సంతకం ఉండొచ్చు. ఆ భాగం మీది తుప్పు నల్లగా అసహ్యంగా కనిపిస్తుంది, దాన్ని గీకడం అంటే కత్తి వయసుని గీకేయడమే. మొదటిసారి విప్పేటప్పుడు తెలిసినవాళ్ల చేత విప్పించండి. నకిలీలు కూడా చాలా తిరుగుతున్నాయి కాబట్టి ఎదుటివాడు చెప్పిన ధరని బట్టి అసలుదో కాదో నిర్ణయించుకోవద్దు.

దసరాకి ఆయుధపూజలో పెట్టి బ్లేడుకి పసుపు, కుంకుమ అద్దారో, అయిపోయింది, ఆ తడికి ఒక్క వారంలో చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. బొట్టు ట్రంకుకి పెట్టుకోండి. బ్లేడుకి పలుచగా కుట్టుమిషన్ నూనె, అది కూడా చేతి వేళ్లు తగలకుండా. తోలు ఒర అయితే కత్తిని అందులో ఉంచేసి వదిలేయకండి, తోలు తడిని పట్టి ఉంచుతుంది. మనది సముద్రపు గాలి ఊరు, ప్లాస్టిక్ కవర్లో చుట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. చొక్కాని ఉతికిన పాత నూలు పంచెలో, మడతల మధ్య ఇంకో గుడ్డ ఉండలా పెట్టి చుట్టండి, బొత్తాల కింద కాగితం ముక్క పెట్టండి, లేకపోతే పచ్చగా చిలుము దిగుతుంది. మెడల్స్‌కి బ్రాసో పాలిష్ వద్దు. మెరుస్తాయి నిజమే, రుద్దిన కొద్దీ అక్షరాలు కూడా పోతాయి.

పోలీసుల సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద, 9 అంగుళాలకు మించిన బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకే వస్తాయి. ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా వద్దా అన్నది ఆ ప్రాంతానికి కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చిందా లేదా అన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకని తాతగారి కాగితం నకలు, కత్తి ఫోటో జతచేసి పోలీస్ కమిషనర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి. కత్తి పట్టుకుని స్టేషన్‌కి నడవకండి, ఫోటో చాలు. అమ్మడం, విదేశానికి పంపడం లాంటివి ఆ తర్వాతి మాట.

ప్రశ్న: మా నాన్నగారు 1971లో ఇక్కడే నేవీలో సెయిలర్. టోపీ, తెల్ల యూనిఫాం, ఒక స్టార్ మెడల్ ఉన్నాయి. ఆయన ఏమీ చెప్పకుండానే పోయారు. - ఒక పాఠకురాలు, మల్కాపురం

జవాబు: అమ్మా, మీ పని తేలిక. స్వాతంత్ర్యం తర్వాతి మెడల్స్‌కి అంచు మీద గానీ వెనక గానీ నంబరు, పేరు ఉంటాయి, భూతద్దంతో చూడండి. పూర్వీ స్టార్ అయితే 1971 పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేశారని, పశ్చిమీ స్టార్ అయితే పడమట అని. సెయిలర్ల రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. పెన్షన్ కాగితం నకలు తీసుకుని ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, దరఖాస్తు ఎలా రాయాలో అక్కడ అడగొచ్చు. దానికంటే ముందు ఒక పని: ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంలో చూపించేవాళ్లలో రిటైరైన నేవీ వాళ్లుంటారు, టోపీ ఫోటో చూపించి నాన్నగారి పేరు, షిప్ పేరు చెప్పి చూడండి. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన ఆ 1971 డిసెంబరు గుర్తున్న పెద్దవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, ఆఫీసు ఉత్తరం ఆలస్యమైనా పర్లేదు గానీ వాళ్లని కలవడం ఆలస్యం చేయకండి, ఫోన్లో రికార్డు చేసుకోండి.

ప్రశ్న: ముత్తాతగారి యూనిఫాం ఆగస్టు 15కి మా అబ్బాయికి స్కూల్లో వేయొచ్చా? - ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వద్దు. చెమట, పిన్నులు, చాక్లెట్, చాలవూ? ఫ్యాన్సీ డ్రెస్ షాపులో అద్దెకి తెచ్చుకోండి, చేతికి ముత్తాతగారి ఫోటో ఇవ్వండి.