కేంద్రక విచ్ఛిత్తిని (పరమాణు కేంద్రకం చీలడాన్ని) కనుగొన్నవారిలో ఒకరైన జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ పేరు ఎందుకు అంతగా వినిపించదు?

1944 రసాయన శాస్త్ర నోబెల్ ఆయనతో కలిసి పనిచేసిన ఓటో హాన్ ఒక్కరికే ఇచ్చారు. ప్రధాన కారణం అదే. కానీ ప్రయోగశాలలో జరిగింది చూస్తే స్ట్రాస్‌మన్ (1902–1980) కేవలం సహాయకుడు కాదు.

1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ న్యూట్రాన్లు తాకిన యురేనియంలో రేడియం పుట్టిందనుకున్నారు. అది తూకానికి అందనంత స్వల్పం. అందుకే రసాయనికంగా రేడియాన్ని పోలిన బేరియం లవణం కలిపి, దానితోపాటు అవక్షేపంగా (ద్రావణం అడుగున చేరే ఘనపదార్థంగా) దించారు. ఆ తర్వాత స్ఫటికీకరణతో రేడియాన్ని బేరియం నుంచి విడదీయాలి. ఎన్నిసార్లు చేసినా విడిపోలేదు. ఎందుకంటే అది బేరియమే! పరమాణు సంఖ్య 92 ఉన్న యురేనియం నుంచి 56 ఉన్న బేరియం రావడమంటే కేంద్రకం రెండుగా చీలినట్టే. ఆ భౌతిక వివరణ ఇచ్చింది అప్పటికే నాజీల వల్ల స్వీడన్ చేరిన వారి సహచర భౌతిక శాస్త్రవేత్త లీజె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్. కానీ ఇంత ఖచ్చితమైన రసాయన విశ్లేషణకు స్ట్రాస్‌మన్ నైపుణ్యమే ఆధారం.

నాకు మాత్రం ఆయన రసాయనం కన్నా నిబ్బరమే గొప్పగా తోస్తుంది. 1933లో నాజీల అదుపులోకి పోయిన రసాయన శాస్త్రవేత్తల సంఘానికి రాజీనామా చేశారు. దాంతో ఉద్యోగాల తలుపులు మూసుకుపోయాయి. హాన్, మైట్నర్ సగం జీతంతో కొలువు ఇప్పించారు. యుద్ధకాలంలో ఆండ్రియా వోల్ఫెన్‌స్టైన్ అనే యూదు మహిళను భార్యతో కలిసి తమ ఇంట్లోనే దాచారు.

యుద్ధం తర్వాత మైంజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. 1966లో అమెరికా ఎన్రికో ఫెర్మి పురస్కారాన్ని హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ ముగ్గురికీ కలిపి ఇచ్చింది.