అరవై దాటినా జుట్టు నల్లగానే ఉంది.. మరి ఆ తిమ్మిర్ల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 64. చెవుల దగ్గర నాలుగైదు వెంట్రుకలు తప్ప జుట్టంతా ఇప్పటికీ నల్లగానే ఉంది. ఎప్పుడూ రంగు వేసుకోలేదంటే ఎవరూ నమ్మరు. ఇక ముందూ ఇలాగే ఉండాలని ఏడాదిగా రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర, ఫోలిక్ యాసిడ్ కలిసిన మరో విటమిన్ మాత్ర వేసుకుంటున్నాను. ఇవి ఎన్నాళ్లు వాడొచ్చు? డోసు పెంచాలా? పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, థైరాయిడ్ తక్కువని థైరాక్సిన్ వాడుతున్నాను. రెండు నెలల కిందట థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువ వచ్చిందని థైరాక్సిన్ సగానికి తగ్గించుకున్నాను. ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి, వయసు వల్లే అనుకుంటున్నాను.
- ఒక పాఠకురాలు

సమాధానం: మీరు జుట్టు గురించి అడిగారు. నాకు కంగారు పుట్టించినవి మాత్రం మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు. జుట్టు సంగతి ముందు క్లుప్తంగా చెప్పేస్తాను.

మీ జుట్టు నల్లగా ఉండటానికీ ఆ మాత్రలకూ సంబంధం లేదు. అవి మొదలుపెట్టి ఏడాదే అయింది, అంతకుముందూ మీ జుట్టు నల్లగానే ఉంది కదా. వెంట్రుక కుదురులో ఉండే మెలనోసైట్లు అనే కణాలు రంగును తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తాయి. ఈ కణాలను పుట్టించే మూలకణాల నిల్వ ఏ వయసులో తరిగిపోతుందన్నది చాలావరకు జన్యువుల చేతిలో ఉంటుంది. నెరుపుతో సంబంధమున్న ఐఆర్ఎఫ్4 అనే జన్యువును 2016లో గుర్తించారు కూడా. పొగతాగే అలవాటు, థైరాయిడ్ జబ్బులు, బీ12 లోపం లాంటివి కొందరిలో నెరుపును ముందుకు తెస్తాయి. అరవై దాటాక కూడా జుట్టు నల్లగా ఉండటం జబ్బేమీ కాదు, సంతోషించండి. బయోటిన్ లోపం లేనివారిలో ఆ మాత్ర నెరుపును ఆపుతుందనడానికి సరైన ఆధారాలు లేవు. కాబట్టి డోసు పెంచాలా అన్న ప్రశ్నే అక్కర్లేదు.

ఇక అసలు విషయం. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన బయోటిన్ సుమారు 30 మైక్రోగ్రాములు. మీరు వేసుకుంటున్నది దానికి మూడు వందల రెట్ల పైమాటే. ఎక్కువైనది మూత్రంలో పోతుందిలే అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పోతుంది, నిజమే. కానీ పోయేలోపు రక్తపరీక్షను తారుమారు చేయగలదు. హార్మోన్లను కొలిచే కొన్ని యంత్రాల్లో పరీక్ష జరిగే పద్ధతిలోనే బయోటిన్‌ను వాడతారు. మీరు మింగిన బయోటిన్ రక్తంలో ఎక్కువగా ఉంటే దానికి అడ్డుపడి లెక్క తప్పిస్తుంది. థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోన్ ఎక్కువగా కనిపిస్తాయి. కాగితం మీద చూస్తే అచ్చం థైరాయిడ్ ఎక్కువైనట్టే ఉంటుంది. మీకు వచ్చిన రిపోర్టు అలాంటిదేనేమో అని నా అనుమానం. అదే నిజమైతే, సరిపోతున్న మందును మీరు అనవసరంగా సగం చేసుకున్నట్టు. థైరాయిడ్ తగ్గితే నీరసం, మలబద్ధకం, బరువు పెరగడంతో పాటు జుట్టు కూడా ఊడుతుంది.

అలాగని ఇది చదివి రేపటి నుంచే పాత డోసుకు వెళ్లిపోకండి! టీఎస్‌హెచ్ నిజంగానే తక్కువ అయి ఉండొచ్చు. ఈ వయసులో థైరాక్సిన్ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. మిమ్మల్ని చూడకుండా డోసు నేను చెప్పలేను, చెప్పకూడదు. మీరూ రిపోర్టులోని అంకె చూసుకుని మందు పెంచడం, తగ్గించడం చేయకూడదు. ఒక్క ఫోను చేసి మీ డాక్టర్‌ని అడిగి ఉంటే, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నారా అని ఆయనే అడిగేవారేమో. విటమిన్లు మందుల లెక్కలోకి రావనుకుని చాలామంది మాకు చెప్పనే చెప్పరు. దయచేసి చెప్పండి. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా బయోటిన్ వల్ల తప్పుగా నార్మల్ అని రావొచ్చు. అలా జరిగిన ఒక మరణం తమ దృష్టికి వచ్చిందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

తిమ్మిర్లను వయసు ఖాతాలో వేయకండి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, థైరాయిడ్ తగ్గినా ఎక్కొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి బీ12 సరిగా ఒంటికి పట్టదు, దానివల్లా రావొచ్చు. మీరు వాడుతున్న ఫోలిక్ యాసిడ్ ఇక్కడ ఇంకో చిక్కు తెస్తుంది. బీ12 లోపంతో వచ్చే రక్తహీనతను అది సర్దేస్తుంది, నరాలకు జరిగే నష్టాన్ని మాత్రం ఆపదు. రక్తం బాగానే ఉందనుకుంటూ ఉండగా కాళ్లలో స్పర్శ పోతుంది, నడక తూలుతుంది. ఆలస్యమైతే అందులో కొంత తిరిగి రాకపోవచ్చు. జుట్టు నల్లగా ఉంది కాబట్టి బీ12 సరిపడా ఉందనుకోవడానికీ వీల్లేదు.

ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి. వాడుతున్న డబ్బాలన్నీ, విటమిన్లతో సహా, వెంట తీసుకెళ్లండి. బయోటిన్ ఈరోజే ఆపేయండి. ఆపిన కనీసం మూడు రోజుల తర్వాతే టీఎస్‌హెచ్, టీ4, బీ12 పరీక్షలకు రక్తం ఇవ్వండి. కొన్ని పద్ధతుల్లో బీ12 కూడా బయోటిన్ వల్ల ఎక్కువగా కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు మానొద్దు. లోపం తేలితే బీ12 ఇంజెక్షన్లో, మాత్రలో ఇస్తారు, మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు. కాళ్లు కూడా పరీక్షించమని అడగండి. మీరు కళ్లు మూసుకుని ఉండగా అరికాలి మీద సన్నటి నైలాన్ తీగ తాకిస్తారు, బొటనవేలి ఎముక మీద ట్యూనింగ్ ఫోర్క్ ఆనించి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషాల పని. అప్పటిదాకా చెప్పుల్లేకుండా నడవకండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి.

నెరిసిన జుట్టు తనంతట తానే మళ్లీ నల్లబడటం మీ విషయంలో లేదు, అయినా ఈ శీర్షిక చదివే మిగతావారి కోసం చెబుతున్నాను. కొన్ని క్యాన్సర్ మందులు వాడేవారిలో అలా జరుగుతుంది. ఏ మందూ వాడకుండానే జుట్టుతో పాటు చర్మం, చిగుళ్లు కూడా నల్లబడుతూ బరువు తగ్గుతుంటే, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి జబ్బు ఉందేమో చూడాలి. అలాంటివారు వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.

మీకు ఛాతీలో నొప్పి, ఆయాసం, గుండెదడ, నడుస్తుంటే తూలడం, కాళ్లలో బలం తగ్గడం వీటిలో ఏది ఉన్నా వారం దాకా ఆగొద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. బయోటిన్ వాడిన సంగతి అక్కడ ముందే చెప్పండి.