మీడియా, సంస్కృతి చదవడానికి లండన్ దాకా వెళ్లాలా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో జర్నలిజం ఒక సబ్జెక్టుగా బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. మీడియా గురించి తమకు చెప్పే సిద్ధాంతాలన్నీ అమెరికా, బ్రిటన్‌లలో పుట్టినవేనని, ఆసియా, ఆఫ్రికా దేశాల మాధ్యమాలనూ సంస్కృతినీ ఆయా సమాజాల వైపు నుంచి చదివే పీజీ చేస్తానని అంటోంది. అలాంటి కోర్సు లండన్‌లో ఉందట. ఇది నిజంగా ఒక చదువేనా? దీనితో ఉద్యోగం వస్తుందా? అప్పు చేసి పంపమంటారా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇది నిజమైన చదువే. మీ అమ్మాయికి కలిగిన సందేహం కూడా ఆమె ఒక్కదానిదే కాదు. దానికి యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1958లో డేనియల్ లెర్నర్, 1964లో విల్బర్ ష్రామ్ అనే అమెరికన్ పండితులు రాసిన పుస్తకాలు పేద దేశాల ప్రభుత్వాలకు చాలాకాలం దారి చూపాయి. పత్రికలు, రేడియోలు పెరిగితే పాతకాలపు సమాజాలు తమంతట తామే ఆధునికమవుతాయన్నది వాటి సారాంశం. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగం వెనుక కూడా ఆ నమ్మకం కొంత ఉంది. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. విచిత్రమేమిటంటే, ఆ ప్రయోగం ముగిసిన 1976లోనే, ఆ పంథాను బోధించినవారిలో ప్రముఖుడైన ఎవరెట్ రోజర్స్ దానికి కాలం చెల్లిందని స్వయంగా రాశారు. ఐక్యరాజ్యసమితి విద్యా, సాంస్కృతిక సంస్థ యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో, ప్రపంచ వార్తలు కొన్ని సంపన్న దేశాల సంస్థల చేతుల మీదుగానే ప్రవహిస్తున్నాయన్న ఫిర్యాదును నివేదికగా రాసింది; మన పాత్రికేయుడు బి.జి. వర్గీస్ అందులో సభ్యులు. ఆ చర్చ ఎంత ముదిరిందంటే, 1984 చివర అమెరికా యునెస్కో నుంచి బయటికి వెళ్లిపోవడానికి చెప్పిన కారణాల్లో అదీ ఒకటి. 2000లో జేమ్స్ కరన్, మ్యుంగ్-జిన్ పార్క్ మాధ్యమ అధ్యయనాన్ని పాశ్చాత్య చట్రం నుంచి విడిపించాలంటూ ఒక వ్యాస సంపుటి తెచ్చారు. ఆసియా దేశాల పండితులు పరస్పరం చర్చించుకోవడానికి ‘ఇంటర్-ఆసియా కల్చరల్ స్టడీస్’ అనే పత్రిక మొదలైంది కూడా ఆ సంవత్సరమే.

ఈ చదువు ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఉత్తర నైజీరియాలో హౌసా భాష మాట్లాడే ముస్లిం సమాజం దశాబ్దాలుగా హిందీ సినిమాలను ఇష్టంగా చూస్తోంది. వాటిని అక్కడికి తెచ్చినవారు లెబనాన్ వ్యాపారులు. ప్రేక్షకుల్లో చాలామందికి హిందీ రాదు. అయినా పెద్దలు కుదిర్చే పెళ్లి, ప్రేమకూ కుటుంబ గౌరవానికీ మధ్య నలగడం, పెద్దల ముందు తల వంచడం వంటివి వారికి హాలీవుడ్ కథలకంటే దగ్గరగా తోచాయి. హౌసాలో వచ్చిన ప్రేమ నవలల మీద కూడా ఆ ప్రభావం పడింది. బ్రయన్ లార్కిన్ అనే మానవ శాస్త్రవేత్త 1990లలో దీన్ని పరిశోధించారు. అమెరికా పంపుతుంది, మిగతా ప్రపంచం పుచ్చుకుంటుంది అని మాత్రమే చెప్పే సిద్ధాంతానికి ఈ సంగతి అందదు. లార్కిన్ పనిచేసేది న్యూయార్క్‌లోనే అన్నది కూడా మీ అమ్మాయి గమనించాలి. పరిశోధకుడు ఎక్కడివాడన్నదాని కంటే, అతను ఏ ప్రశ్న అడుగుతున్నాడు, ఎవరి భాష నేర్చుకుని ఎవరి మధ్య కూర్చుని అడుగుతున్నాడు అన్నవే ఇక్కడ ముఖ్యం.

మన దగ్గరి ఉదాహరణలకూ కొదవ లేదు. తెలుగు సినిమా అభిమాన సంఘాలు థియేటర్ దగ్గర కటౌట్లు కట్టడంతో ఆగకుండా రక్తదానాల మీదుగా ఎన్నికల ప్రచారం దాకా ఎలా సాగాయో, ఆ సాగడంలో కులం, పట్టణం, పార్టీ ఎలా కలిశాయో సినిమా పరిశోధకుడు ఎస్.వి. శ్రీనివాస్ పుస్తకాలు విశ్లేషించాయి. అభిమానాన్ని ఒక వ్యక్తి ఇష్టంగా మాత్రమే చూసే పద్ధతితో ఆ సంఘాలు అర్థం కావు. 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాల కోసం మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత మహిళలే. తమ విత్తనాలు, తమ పంటలు, తమ పాటల గురించి తమ యాసలో వారు మాట్లాడుకునే ఆ రేడియోను, ‘అభివృద్ధి సందేశం’ పైనుంచి కిందికి చేరవేసే సాధనం అని వర్ణిస్తే అసలు సంగతే జారిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాశ్చాత్యేతరం అనగానే ‘అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయి’ అని తేల్చేసే వ్యాసాలు కూడా ఈ రంగంలో విరివిగా వస్తున్నాయి. ష్రామ్ ఉన్నచోట నాట్యశాస్త్రం రాసిన భరతముని పేరు రాస్తే పరిశోధన పూర్తయినట్టు కాదు. అందులోని రససిద్ధాంతం ప్రేక్షకుడి అనుభవం గురించి గొప్ప సంగతులు చెబుతుంది గాని, ఒక టీవీ చానల్ యాజమాన్యం ఎవరిది, మాచనూరు మహిళలకు సొంత రేడియో ఎందుకు కావలసి వచ్చింది వంటి ప్రశ్నలకు అది జవాబివ్వదు. ఇవ్వాలని ఆశించడం ఆ గ్రంథానికీ న్యాయం కాదు. మీ అమ్మాయికి నేను చూపదలచిన ముందుతరం మనిషి సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆ సంపాదకుడు, రాజుల వంశావళులను పక్కకు పెట్టి, కావ్యాలనూ సామెతలనూ ఆధారం చేసుకుని ఆంధ్రుల తిండి, ఆటలు, దుస్తులు, నమ్మకాల చరిత్ర రాశారు. సంస్కృతీ అధ్యయనం అన్న పేరు తెలుగునాట వినిపించకముందే జరిగిన పని అది.

కోర్సుల విషయానికి వస్తే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని కమ్యూనికేషన్ విభాగాన్ని నేను మొదట పరిశీలించమంటాను. స్థానిక సమాజాలే నడుపుకునే మాధ్యమాలపై, అంటే కమ్యూనిటీ మీడియాపై, యునెస్కో పీఠం 2011 నుంచి అక్కడే ఉంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో మాధ్యమ, సంస్కృతీ అధ్యయనాల ఎంఏ ఉంది. డాక్యుమెంటరీ తీయడం, సిద్ధాంతం చదవడం రెండూ అందులో కలిసి సాగుతాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ), ఢిల్లీలోని జామియా మిల్లియా, జేఎన్‌యూలనూ చూడండి. ప్రాక్టికల్స్‌లో కెమెరా, ఎడిటింగ్ మాత్రమే నేర్పి సిద్ధాంతాన్ని గైడు పుస్తకానికి వదిలేసే కాలేజీలు ఆమె కోరికకు పనికిరావు. మీ ఊరి పక్కనే, వరంగల్‌లో, తెలుగు విశ్వవిద్యాలయానికి చెందిన జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నదన్న సంగతి చాలామంది మీడియా విద్యార్థులకు తెలియదు. ఒగ్గుకథ కళాకారులు యూట్యూబ్‌కు ఎలా మారారన్న ప్రశ్న మీద ఆమె చిన్న పరిశోధన చేయాలనుకుంటే, అక్కడి అధ్యాపకులను కలవడం మంచి ఆరంభం.

లండన్‌లో మీరు విన్న కోర్సు బహుశా సోయస్ (స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్)లోనిది కావచ్చు. ఆసియా, ఆఫ్రికాలపై ఆ సంస్థ గ్రంథాలయం, అధ్యాపకుల పాండిత్యం నిస్సందేహంగా గొప్పవి. అయినా ఒక్క సంవత్సరం ఎంఏ కోసం ఇల్లు తాకట్టు పెట్టి పంపమని మాత్రం నేను చెప్పలేను. పాశ్చాత్య దృష్టిని దాటే చదువు అత్యంత ఖరీదుగా దొరికేది పశ్చిమంలోనే కావడం కొంత నవ్వు తెప్పించే సంగతి కూడా. ఎంఏ ఇక్కడే చేసి, పీహెచ్‌డీకి ఫెలోషిప్‌తో బయటికి వెళ్లడం మంచిది. అప్పుడైనా లండన్‌నే కాక తైవాన్, సింగపూర్, హాంకాంగ్‌ల విశ్వవిద్యాలయాలనూ చూడాలి; ఇంటర్-ఆసియా చర్చలకు ఆ ప్రాంతాలే నెలవు. ప్రధానంగా షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు మీ కుటుంబం అర్హత ఉన్న వర్గంలో ఉంటే, ఒక మెలిక ముందే తెలుసుకోండి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలకు ఆ సాయం వర్తించదని 2022లో నిబంధన చేర్చారు. దళిత విద్యార్థి విదేశంలో తన సమాజం గురించి పరిశోధించకుండా చేసే ఈ నిబంధన అన్యాయమని నా అభిప్రాయం. కాని దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటి మార్గదర్శకాలను తప్పకుండా చదవాలి.

ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెబుతాను. పత్రికల, చానళ్ల డెస్కుల్లో ఈ డిగ్రీకి ప్రత్యేక విలువ ఉండదు; వాళ్లు చూసేది వేగంగా, తప్పుల్లేకుండా రాయగలరా అన్నదే. తొలి జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితురాలి జీతం ముందు చిన్నబోతుంది. ఈ చదువు అక్కరకొచ్చే చోట్లు వేరే ఉన్నాయి: స్వచ్ఛంద సంస్థల పరిశోధన విభాగాలు, ప్రేక్షకుల అభిరుచిని అధ్యయనం చేసే సంస్థలు, ఓటీటీల తెలుగు విభాగాలు, సామాజిక మాధ్యమాల్లో తెలుగు కంటెంట్‌ను పరిశీలించే పనులు, ఆర్కైవులు. అన్నింటికంటే స్థిరమైనది అధ్యాపకత్వం. అందుకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో ‘మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం’ రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, కొత్త పెంపు ఉంటే అంతకు మించి. సంస్కృతీ అధ్యయనాలకు విడిగా పేపరు లేదు, ఇంగ్లిష్ పేపరులో అదొక యూనిట్ మాత్రమే. కాబట్టి ఎంఏ పేరు నెట్ సబ్జెక్టుకు పొసిగేలా ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి. తరువాత కాలేజీ నియామకాల్లో ఈ చిన్న విషయం దగ్గరే చాలామంది చిక్కుకుంటున్నారు.

ఈ ఏడాది ఆమె చేయవలసిన పనులు రెండే. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ధారాళంగా రాయడం అలవాటు చేసుకుంటూ, మరో భాష, ఉదాహరణకు ఉర్దూ, చదివేంతగా నేర్చుకోవాలి. ఒక్క భాషతో పొరుగు సమాజాలను పోల్చడం కుదరదు. రెండోది, ప్రవేశ పరీక్ష. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎక్కువ వాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో తీసుకుని, పరీక్ష మార్చిలో పెడుతున్నారు కాబట్టి, డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చూసుకుందామనుకుంటే ఆ ఏడాది చేజారుతుంది.